ఇంజన్ ఆపిన అయిదు నిమిషాలు

పడవ టికెట్ నా డబ్బుతోనే కొన్నాను.
ఆడిటర్‌ని కదా, రూలు.
టీ దాకా పరవాలేదని ఉంది,
ఏరు పరవాలేదా అన్నది
ఆ పుస్తకంలో ఎవరూ రాయలేదు.
మేనేజర్ లూబాసిగారు నవ్వి
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి మరీ ఇచ్చారు.

లివింగ్‌స్టన్‌లో నాకిది తొమ్మిదో రోజు.
మొక్కజొన్న గోదాములో నలభై మూడు బస్తాలు తక్కువ.
పొద్దున్నించీ అదే మాట,
సాయంత్రం రేవు దాటాక
ఒక్కరూ ఎత్తలేదు.
డ్రైవర్ హమూంగా టై విప్పి జేబులో కుక్కుకున్నాడు.
క్యాషియర్ ముటింటా చెప్పులు విడిచి
రెయిలింగు మీదికి కాళ్ళు చాపింది.
కౌంటర్ వెనక మనిషికి
కాళ్ళుంటాయని ఇవాళే చూశాను.

మీ ఊళ్ళో నది ఉందా మేడం?

ఉంది. పేరుంది, వంతెనుంది,
ఏటేటా వేలం పాడే ఇసకుంది.
నీళ్ళే, రోజు విడిచి రోజు ట్యాంకర్లో వస్తాయి.
అది జోకులా పడింది. పగలబడి నవ్వారు.
నేనూ నవ్వాను.
బిందెల వరసలో మా చోటు పోకుండా
పలక అడ్డం పెట్టి బడికి పరిగెత్తిన సంగతి
జాంబెజీలో కొట్టుకుపోనిచ్చాను.

ముటింటా నవ్వలేదు.
మా అవ్వది ఈ ఏరే, బాగా దిగువన, అంది.
కరిబా డ్యాం కట్టినప్పుడు
లారీలెక్కించి మెరక మీదికి తోలారట.
మెరక మీద నీళ్ళు లేవట.
శెనక్కాయ ఒలిచి, పలుకులు నా చేతిలో పోసి,
పొట్టు ఏట్లోకి ఊదింది.
ఎలాగూ అటే పోతుంది, అంది.

ఫోన్ మోగింది: జింబాబ్వేకి స్వాగతం.
ఎవరం లేవలేదు, పడవే కాస్త ఆ ఒడ్డుకి జరిగింది.
మళ్ళీ మోగింది: జాంబియాకి స్వాగతం.
కూచున్న కుర్చీలోనే నాలుగుసార్లు దేశం మారాను,
వేయించిన కపెంటా చేపల పళ్ళెం
ఒళ్ళోంచి దించకుండా.

నీటిగుర్రం కావాలంటే చెవులు వెతకండి, అన్నాడు సరంగు.
రెండు చెవులు. మిగతాదంతా కింద.
స్టోర్‌కీపర్ ఇనోంగే వచ్చి నా పక్కన నిలబడింది.
ఇద్దరం ఆ చెవుల్నే చూస్తున్నాం.
ఎంత బరువుంటుందో, అన్నాను.
నలభై బస్తాలుంటుంది మేడం,
అనేసి నాలుక కరుచుకుంది.

నవ్వాల్సింది.
నవ్వలేదు.

ఏటి ఎగువన పొద్దు కుంగుతుంటే
నీళ్ళకి బెల్లంపాకం రంగొచ్చింది.
సరంగు ఇంజన్ ఆపాడు.
ఇంత నిశ్శబ్దం ఇన్నాళ్ళూ
ఆ మోత కిందే ఉందన్నమాట.
లూబాసిగారు కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నారు,
ముక్కు మీద రెండు ఎర్రటి గుంటలు,
చాలా అలిసిన మనిషి.
ఇనోంగే తన చిటెంగే విప్పి
నా భుజాల చుట్టూ కప్పింది.
చలి అని నేను అనలేదు.
దీన్ని ఏ పద్దు కింద రాయను?

అప్పుడు చూశాను,
ఒడ్డున తాటిచెట్లు ఎగువకి నడుస్తున్నాయి.
అవి కాదు, మేం.
చప్పుడు లేకుండా, వెనక్కి,
జలపాతం తెల్లటి పొగ లేస్తున్న వైపుకి.
భయం లేదు, అన్నాడు సరంగు,
అయిదు నిమిషాలు మనవి,
ఆరోది ఏటిది.
ఇంజన్ దగ్గి అందుకుంది.

రేవులో కరెంటు లేదు.
ఏరు తగ్గిన ఏడాది ఊరికి కోత.
ఇంత నీళ్ళ మీంచి దిగి, తగ్గడమేమిటో
నాకు అర్థం కాలేదు.
హమూంగా ముందు పరిగెత్తి
జీపు దీపాలు మెట్ల మీదికి తిప్పాడు.
ఒక్కొక్కరే దిగాం, చేతులు పట్టుకుని,
ఎవరి చెయ్యో చూడకుండా.

గదిలో కొవ్వొత్తి వెలిగించాక గుర్తొచ్చింది,
చిటెంగే నా మీదే ఉంది.
రేపు తిరిగివ్వాలి, రూలు.
మడత పెట్టబోతే
శెనక్కాయ పొట్టు రిజిస్టరు మీద రాలింది.
దులపలేదు.